వన్‌టౌన్‌లో తాతల నాటి ఇల్లు: ఉప్పు పట్టిన గోడకు సిమెంటు మందు కాదు

ప్రశ్న: మాది విశాఖ వన్‌టౌన్. కురుపాం మార్కెట్‌కు దగ్గర్లో మా తాతగారు కట్టించిన ఇల్లు, తొంభై ఏళ్ల పైమాటే అంటారు. ముందున్న హాలుకు, రెండు గదులకు టేకు దూలాల మీద ఇటుక పేర్చిన పాతకాలపు మిద్దె. వెనక వసారాకు, వంటింటికి బెంగుళూరు పెంకులు. గోడలు పద్దెనిమిది అంగుళాల మందం. పదిహేనేళ్ల క్రితం చెమ్మ వస్తోందని కింద నాలుగడుగుల వరకు సిమెంటు పూత పూయించాం. ఇప్పుడు అది ఉబ్బి రాలుతోంది, దానికి పైన కూడా రంగు పొరలుగా లేస్తోంది. హాల్లో ఒక దూలం గోడలోకి వెళ్లే చోట సన్నగా మట్టి రాలుతోంది. కాంట్రాక్టరు గోడలు చెక్కి వాటర్‌ప్రూఫ్ సిమెంటు వేసి కింద గ్రానైట్ అతికిద్దామంటున్నారు. పెంకులు తీసేసి స్లాబు, మిద్దె మీద కొత్త కాంక్రీటు, కిటికీలకు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) చట్రాలు అంటున్నారు. అమ్మకు 74 ఏళ్లు, ఈ ఇల్లు వదిలి రానంటోంది. ఇంటి రూపం పోకూడదు, ఆవిడకు ఇబ్బంది ఉండకూడదు. డబ్బు ఒకేసారి పెట్టలేం. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ఆ పనుల్లో దేనికీ ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. మీ కాంట్రాక్టరు మోసం చేస్తున్నారని కాదు, కొత్త ఇళ్లకు పనికొచ్చే పద్ధతిని పాత ఇంటికి చెబుతున్నారు. మీ గోడలు సున్నంతో కట్టినవి. వానాకాలంలో అవి కొంత తడిని పీల్చుకుంటాయి, ఎండ కాయగానే వదిలేస్తాయి. తొంభై ఏళ్లు సముద్రపు గాలిలో నిలబడ్డాయంటే ఈ రాకపోకల వల్లే. పదిహేనేళ్ల క్రితం పూసిన సిమెంటు ఆ తడి బయటికొచ్చే దారి మూసింది. ఇప్పుడు దాని మీద ఇంకా గట్టి సిమెంటు, ఆపైన గ్రానైట్ వేస్తే మిగిలిన దారీ మూసుకుపోతుంది.

ఉబ్బిన పూత అంచును ఒకచోట వేళ్లతో పైకి లేపి చూడండి. పలక చేతికి గట్టిగానే తగులుతుంది. దాని వెనక తెల్లగా, దూది పోగుల్లా సన్నటి ఉప్పు కనిపిస్తుంది. ఇటుక మీద వేలితో రాస్తే ఎర్రటి పొడి రాలుతుంది. అంటే పాడవుతున్నది పూత కాదు, దాని వెనకున్న ఇటుక. నేల నుంచి ఎక్కిన నీళ్లలో ఉప్పు కరిగి ఉంటుంది. నీళ్లు ఎక్కడ ఆవిరైతే ఉప్పు అక్కడ గడ్డకడుతుంది. గోడ పైమీద గడ్డకడితే చీపురుతో ఊడ్చేయొచ్చు. పూత వెనక, ఇటుక రంధ్రాల్లో గడ్డకడితే ఇటుకనే లోపలి నుంచి పగలగొడుతుంది. మీ ఇంట్లో నాలుగడుగుల పూతకు పైన కూడా రంగు లేస్తోందంటే, కింద దారి దొరక్క తడి పైకి ఎక్కిందన్నమాట. పునాదిలో మన కొండల రాయి వాడి ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో దొరికే ఖొండలైట్ తడికి లోపలి నుంచి మెత్తబడే రాయి. దాని సందుల్లో సిమెంటు నింపితే సందు గట్టిగా నిలుస్తుంది, రాయి అరిగిపోతుంది.

కాబట్టి ముందు నీటి దారి, తర్వాత కప్పు, ఆ తర్వాత గోడ ఆరడం, పూత. రంగు, అందం అన్నిటికంటే చివర. ఈ వరుస తప్పితే పెట్టిన డబ్బు రెండేళ్లలో మళ్లీ గోడ మీంచి రాలుతుంది.

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోకుండా గోడను ముట్టుకోవద్దు. వన్‌టౌన్ వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ వీధి ఎత్తు పెరిగిపోయింది. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లిన అరుగులు కొన్ని ఇప్పుడు ఒక మెట్టు ఎత్తులో ఉన్నాయి. వాన నీళ్లు అరుగును కొడుతున్నాయేమో, పక్క కాలువ పగిలి గోడలోకి ఊరుతోందేమో, మిద్దె మీద తూము గొట్టం గోడ వెంబడే కారుతోందేమో ఒక గట్టి వానలో గొడుగు వేసుకుని బయట నిలబడి చూడండి. చెమ్మ గీత గోడ పొడవునా ఒకే ఎత్తులో ఉంటే నేల నుంచి ఎక్కుతోందని, అక్కడక్కడా మచ్చలుగా ఉంటే పైనుంచో గొట్టం నుంచో కారుతోందని గుర్తు. ఇంకా అనుమానం ఉంటే జానెడు వెడల్పు అల్యూమినియం రేకు ముక్కను గోడకు అతికించి నాలుగు అంచులా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. రేకు వెనక చెమర్చితే తడి గోడలో ఉంది. గది వైపు చెమర్చితే అది గాలిలోని తేమ, కిటికీలు తీసి ఉంచితే సరిపోతుంది.

గోడను ఆనుకుని సిమెంటు చప్టా ఉంటే పగలగొట్టించండి. చాలామంది రక్షణ అనుకుని వేయిస్తారు, కానీ కింది తడి నేలలోంచి పైకి పోలేక గోడలోకి ఎక్కుతుంది. గోడకు రెండడుగుల దూరంలో అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తవ్వించి, అడుగున చిల్లులున్న పీవీసీ పైపు వేసి 20 మి.మీ. కంకరతో నింపాలి. పైపుకు వంద అడుగులకు ఒక అడుగు వాలు చాలు. పునాది అడుగు కంటే లోతుకు పోకూడదు. ఒక్కరోజే ఇంటి పొడవునా తవ్వనివ్వకండి. నాలుగైదు అడుగుల చొప్పున తవ్వి, నింపి, ముందుకు జరగాలి. పాత పునాది పక్కన మట్టి ఒక్కసారిగా ఖాళీ అయితే గోడ కూర్చుంటుంది.

ఇక గోడ. సిమెంటు పూతను సుత్తి, ఉలితో చేత్తో తీయించాలి. డ్రిల్లింగ్ మిషను పెడితే ఇటుకలు లోపల్నుంచి కదులుతాయి. చెమ్మ గీతకు పైన ఇంకో అడుగున్నర వరకు తీయాలి. దానికి పైన పాత సున్నపు పూత గట్టిగా ఉంటే దాన్ని అలాగే ఉంచండి. వేలి కణుపుతో తట్టి డొల్ల మోగిన చోట మాత్రమే తీయాలి. తీశాక సందుల్లో పొడిబారిన సున్నాన్ని అంగుళం లోతు వరకు గీకించండి. పైన తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో ఊడ్చి, సంచిలో వేసి బయట పారేయాలి. నీళ్లతో కడగకూడదు. కడిగితే ఉప్పు మళ్లీ కరిగి గోడలోకి పోతుంది.

ఇక్కడ ఓపిక కావాలి. తడిసిన గోడ నెలకు సుమారు అంగుళం చొప్పున ఆరుతుందని లెక్క. మీ గోడ పద్దెనిమిది అంగుళాలు. రెండు వైపులా తెరిచి ఉంచితే ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ గోడ ఇటుకలు కనిపిస్తూ అందవికారంగా ఉంటుంది, చుట్టాలు వచ్చి ‘ఇదేంటి ఇలా వదిలేశారు’ అంటారు. వదిలేయండి. ఉప్పు మరీ ఎక్కువున్న చోట, అంటే ఊడ్చిన వారానికే మళ్లీ తెల్లబడుతున్న చోట, తెల్ల బంకమట్టి, కడిగిన ఇసుక, నానబెట్టి రుబ్బిన కాగితపు గుజ్జు సమపాళ్లలో కలిపి అర అంగుళం మందాన పట్టు వేయించండి. అది ఆరుతూ ఇటుకలోని ఉప్పును తనలోకి లాక్కుంటుంది. రెండు మూడు వారాలకు పూర్తిగా ఎండి దానంతటదే వదులవుతుంది. తీసి పారేసి మళ్లీ వేయాలి. రెండు మూడు విడతల్లో తేడా కనిపిస్తుంది. ఈ పట్టుకైనా, సున్నం పనికైనా బోరు నీళ్లు వాడొద్దు. సముద్రానికి ఇంత దగ్గర్లో బోరు నీళ్లు ఉప్పగా ఉండే అవకాశం ఎక్కువ. కుళాయి నీళ్లే వాడండి.

గోడ ఆరేలోపు సున్నం సంగతి చూసుకోవచ్చు. పిడుగురాళ్ల బట్టీల నుంచి వచ్చే రాతి సున్నమైనా సరే, తీరంలో ఆల్చిప్పలు కాల్చి చేసే గుల్ల సున్నమైనా సరే, కాల్చిన రాయిగానే కొనండి. దుకాణంలో నిల్వ ఉన్న పొడి సంచులు చాలావరకు గాలి తగిలి చచ్చిపోయి ఉంటాయి. చిటికెడు పొడి మీద నిమ్మరసం పిండితే బాగా నురగ వచ్చిందంటే అది సున్నం కాదు, సుద్ద. రాతి సున్నాన్ని గుంటలోని నీళ్లలో కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. గుట్టగా పోసిన సున్నం మీద నీళ్లు కుమ్మరిస్తే ఒక్కసారిగా ఉడికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు లేకుండా మనుషుల్ని ఆ దగ్గరకు పోనివ్వకండి, చూపు పోతుంది. ఊరిన సున్నాన్ని జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్లు నిలిపి, కనీసం రెండు వారాలు మగ్గనివ్వాలి. మూడు నెలలు మగ్గితే వెన్నలా తయారవుతుంది. గోడ ఎలాగూ ఆరుతూ ఉంటుంది కాబట్టి మూడు నెలలూ ఆగండి.

మీ పాత సున్నంలో ఏ ఇసుక ఎంత వేశారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గట్టిగా ఉన్న చోటు నుంచి 100 గ్రాముల ముద్ద తీసి దంచి, గాజు పాత్రలో, ఆరుబయట, నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా పోయాలి. ఎప్పుడూ నీళ్లలోనే ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు కాదు. సున్నం కరిగిపోతుంది. మిగిలిన దాన్ని కడిగి, ఎండబెట్టి తూస్తే ఇసుక, ఇటుక పొడి ఎంతో తెలుస్తుంది, ఇసుక రంగు, గరుకుదనం కళ్లకు కనిపిస్తాయి. ఆ నమూనా చూపించి నాగావళి, వంశధార ఇసుకల్లో దగ్గరగా ఉన్నది తెప్పించండి. బీచ్ ఇసుక ఒక్క తట్ట కూడా వద్దు, ఉప్పును మన చేతులతో గోడలోకి ఎక్కించినట్టే. గాజు సీసాలో సగం ఇసుక పోసి నీళ్లతో కుదిపి మూడు గంటలు వదిలితే ఒండ్రు పైన పొరగా తేలుతుంది. ఆ పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే ఆ లోడు తిప్పి పంపండి.

పూతకు మగ్గిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, సుర్కీ ఒక పాలు. సుర్కీ అంటే దోరగా కాలిన ఇటుకల పొడి. మాడి నల్లబడిన ఇటుకల పొడి సున్నంతో కలిసి గట్టిపడదు. ఈ మూడూ గానుగలో రుబ్బితే అసలైన డంగు సున్నం. గానుగ దొరక్కపోతే మిషను రోలులో కనీసం ఇరవై నిమిషాలు తిప్పాలి. పార పెట్టి కలిపితే పగుళ్లు తప్పవు. గోడను ముందు రోజు, ఆ రోజు ఉదయం తడపాలి. ఒక్కో పొర 10–12 మి.మీ. మించకూడదు. మొదటి పొర గోటికి లొంగనంత బిగిశాక, వారం పది రోజులకు రెండో పొర. వారం పాటు తడి గోనెపట్టలు వేలాడదీసి ఉంచాలి. మే ఎండలో ఈ పని పెట్టుకోవద్దు. సున్నం గట్టిపడేది గాలిని పీల్చుకుని, ఎండి కాదు. ఒక్కరోజులో ఎండిపోయిన సున్నం చేత్తో రాస్తే పొడిలా రాలుతుంది. పైన వాల్‌పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే మళ్లీ మొదటికొస్తాం. వెల్లే వేయాలి, పాలలా పల్చగా, రోజుకొక పూత చొప్పున ఐదు పూతలు. రంగు కావాలంటే గోపీచందనం పసుపు, ఎర్ర ఆక్సైడ్ లాంటి మట్టి రంగులు సున్నం బరువులో ఐదు శాతం లోపు కలపొచ్చు. కింది రెండడుగుల్లో కొంత ఉప్పు ఎప్పటికైనా వస్తుంది. అక్కడి సున్నపు పూత ఇటుక బదులు తాను పాడవుతుంది. ఏడెనిమిదేళ్లకోసారి ఆ కాస్త తీసి మళ్లీ పూయించుకోవచ్చు, ఇటుక మాత్రం దక్కుతుంది.

దూలం దగ్గర రాలుతున్నదాన్ని తెల్ల కాగితం మీద పట్టి చూడండి. గోధుమరంగు మట్టి, గోడ మీద సన్నటి మట్టి గొట్టాలతో పాటు ఉంటే చెదలు. ఆవాల కంటే చిన్నగా, ఒకే పరిమాణంలో గట్టి గింజల్లా ఉంటే పొడి కలపను తినే పురుగు. తెల్లటి, ఎర్రటి ఇసుక పొడి అయితే మిద్దె ఇటుకల మధ్య సున్నం పైనుంచి కారే నీళ్లకు కొట్టుకొస్తోంది. మూడింటికీ మందు వేరు, అందుకే చూడకుండా పెస్ట్ కంట్రోలు వాళ్లను పిలవొద్దని చెప్పేది.

టేకు దూలం నడుమ సాధారణంగా పాడవదు, గోడలోకి దూరిన తొమ్మిది అంగుళాల్లో పాడవుతుంది. అక్కడ గాలి లేదు, గోడ తడిగా ఉంది. గోడ అంచున పదునైన స్క్రూడ్రైవరుతో దూలం అడుగున, పక్కలా గట్టిగా పొడవండి. మంచి టేకులో మొన రెండు మిల్లీమీటర్లు కూడా దిగదు. అంగుళం దిగిందంటే ఆ చివర ఇక బరువు మోయడం లేదనుకోవాలి. ఆ రోజే దూలానికి అటూ ఇటూ జాకీలు పెట్టించండి, కింద రెండంగుళాల పలక వేసి. జాకీని దూలానికి బిగువు తగిలేదాకా తిప్పితే చాలు, పైకి లేపబోతే మిద్దెలోని సున్నం పగులుతుంది. ఆ తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క మీద, కుళ్లిన భాగం కోసేసి అదే కొలత పాత టేకు ముక్కతో అతుకు వేయాలి, లేదా దూలానికి రెండు పక్కలా స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు బోల్టులతో బిగించాలి. స్టీలు 316 రకం కావాలి. మామూలు ఇనుము, జింకు పూత వేసినది కూడా, ఈ ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉబ్బి కలపను చీలుస్తుంది. కొత్త చివరకు కింద రాతి దిమ్మె, పక్కలా పైనా అర అంగుళం ఖాళీ వదలాలి. తాపీ మేస్త్రీలు ఆ ఖాళీని అలవాటుగా సిమెంటుతో పూడ్చేస్తారు, దగ్గరుండి ఆపండి.

కలపకు రక్షణగా బోరిక్ ఆమ్లం రెండు పాళ్లు, బోరాక్స్ మూడు పాళ్లు, వేడినీళ్లు తొంభై అయిదు పాళ్లు కలిపి మూడు సార్లు బ్రష్‌తో పట్టించాలి. వానకు తడిసే కలపకు ఇది పనికిరాదు, కడుక్కుపోతుంది. చెదలు నేలలోంచి వస్తుంటే గోడ మొదట్లో అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేసి, లీటరు నీళ్లకు 2.1 మి.లీ. చొప్పున 30.5 శాతం ఇమిడాక్లోప్రిడ్ కలిపి రంధ్రానికి లీటరు పోస్తారు. లైసెన్సు ఉన్నవాళ్ల చేతే చేయించండి. పెరట్లో నుయ్యి ఉంటే ఆ వైపు మందు వేయనివ్వకండి.

మిద్దె మీద కొత్త కాంక్రీటు సంగతి. 180 చదరపు అడుగుల గదికి రెండంగుళాల కాంక్రీటు వేస్తే దూలాల మీద కొత్తగా పడే బరువు రెండు టన్నులు. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు పెడితే ఇంకో టన్ను. చివర్లు మెత్తబడిన దూలాలకు ఇది మోయలేని బరువు. పైగా కాంక్రీటు కింద తడి చిక్కుకుంటే దూలాలు ఎప్పుడు పాడయ్యాయో పైకి తెలియదు. మీ మిద్దెకు పైనున్నది ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, దాని మీద పల్చటి పెంకు బిళ్లలు. కారే చోట బిళ్లలు లేపి, కింది పొర వదులైతే అంతవరకే తీసి మళ్లీ వేయించండి. ముప్పావు అంగుళం ఇటుక ముక్కలు రెండు తట్టలకు డంగు సున్నం ఒక తట్ట. నాలుగంగుళాలు పరిచి, చెక్క దిమ్మిసలతో మూడంగుళాలకు దిగేదాకా కొట్టాలి. 10 చదరపు మీటర్ల పనికి 600 గ్రాముల కరక్కాయ ముక్కలు, 200 గ్రాముల బెల్లం 40 లీటర్ల నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు చల్లుతూ కొట్టాలి. ఇది వారం రోజుల పని. దిమ్మిస కొడితే అచ్చు పడకుండా ఎగిరొచ్చేదాకా ఆపకూడదు. తర్వాత పది రోజులు తడి గడ్డి కప్పి ఉంచాలి. ఈ ఓపిక ఉన్న ముఠాలు తగ్గిపోయాయి, దొరికితే రోజు కూలి ఎక్కువడిగినా వదులుకోవద్దు. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్క ఉంటే పీకొద్దు, మొదలుకంటా కోసి వేరు చచ్చాకే పగులు పూడ్చాలి. బతికున్న వేరు మీద సున్నం నిలవదు.

పెంకుల కప్పు తీసి స్లాబు వేయడం మాకు అస్సలు నచ్చని సలహా. అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోల పైన తూగుతుంది. పెంకులు చదరపు మీటరుకు పదిహేను పడతాయి, కలప కూడా కలుపుకున్నా వాటి బరువు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. స్లాబు ఎండకు సాగి, చల్లబడి ముడుచుకుంటూ కింది సున్నపు గోడలను రోజూ నెడుతుంది. అయితే పెంకుకు ఒక భయం ఉంది, దాన్ని దాచం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. మన ఊరికి కట్టడాల లెక్కలో తీసుకోవాల్సిన గాలి వేగమే సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఊరికే పేర్చిన పెంకులు దానికి ఆగవు. అందుకే పెంకు అడుగున ముక్కులో చిన్న రంధ్రం ఉంటుంది, తీగ కట్టడానికి. చూరు వెంబడి మూడు వరుసలు, పక్క అంచులు, కొప్పుకు దగ్గరి వరుసలు ప్రతి పెంకునూ రాగి తీగతోనో స్టెయిన్‌లెస్ తీగతోనో రీపరుకు కట్టించండి. కొప్పు పెంకులను సున్నంలో పొదగాలి. వాసాలను గోడ మీది కలపకు, ఆ కలపను గోడలో కిందికి కనీసం మూడడుగుల మేర దిగే స్టీలు పట్టీతో బిగించాలి. పెంకులు ఎంత గట్టిగా కట్టినా, వాసాలు గోడకు బిగిసి లేకపోతే కప్పు మొత్తం లేచిపోతుంది.

పెంకులు దించేటప్పుడు ఒక్కో దాన్ని వేలితో కొట్టండి. కంగుమంటే మంచిది, డబ్‌మంటే పగులు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ ఈ పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక తీరం పొడవునా ఇవి వ్యాపించాయి, మీ పెంకుల వెనక ఏ ఫ్యాక్టరీ ముద్ర ఉందో చూసి కొత్తవి ఆ కొలతకే వెతకండి. కొలత పావు అంగుళం తేడా వచ్చినా గాడి కూర్చోదు. పాతవీ కొత్తవీ కలపాల్సి వస్తే పాతవన్నీ వీధి వైపు వాలుకు, కొత్తవి పెరటి వైపు.

కిటికీలకు యూపీవీసీ వద్దు. బర్మా టేకు చెక్కల కిటికీ కింది పట్టీ మూడు నాలుగంగుళాలు పుచ్చితే ఆ మేర కోసి పాత టేకుతో అతుకు వేయించడం వడ్రంగికి ఒక రోజు పని. పాత రంగును సెగ పెట్టి కాల్చొద్దు, పొడిగా గీకొద్దు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది, ఆ పొడి అమ్మ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. రంగు తీసే ద్రవం రాసి, తడిగా గీకించి, పెచ్చులు మూట కట్టించండి. పైన అవిసె నూనె. ఇత్తడి గడియలు, బందులు వడ్రంగి పట్టుకుపోకుండా లెక్క రాసుకోండి.

అమ్మగారి సౌకర్యం అంటే ముఖ్యంగా బాత్రూమే కదా. దాన్ని పాత గదిలో ఇరికించొద్దు. వెనక వసారాకు ఆనుకుని, పాత గోడకు అంగుళం ఎడం వదిలి, సొంత పునాది మీద చిన్న కొత్త గది కట్టించండి. నీళ్ల ట్యాంకు కూడా దాని మీదే పెట్టొచ్చు, మిద్దెకు బరువు తప్పుతుంది. గడప లేకుండా, నేల అర అంగుళం వాలుతో, గోడకు పట్టుకునే కమ్మీలతో కట్టించండి. కరెంటు వైర్లకు సున్నపు గోడలు చెక్కించకండి, పైమీద గొట్టాల్లో తీసుకెళ్లి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఏసీ నీళ్ల గొట్టం గోడ మీదకు కాకుండా కాలువలోకి దిగాలి. ఎర్ర ఆక్సైడ్ గచ్చు, పాత సిమెంటు బిళ్లలు ఉంటే వాటి మీద టైల్స్ వేయొద్దు.

ఈ పని సహజంగానే రెండేళ్లకు విస్తరిస్తుంది, మీ డబ్బు ఇబ్బందికి అదే సదుపాయం. డిసెంబరులో ప్రతి గదినీ, తలుపునూ ఫొటో తీసి కొలతలు రాసుకోండి. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) టౌన్ ప్లానింగ్ విభాగంలో ఏ పనికి అనుమతి కావాలో రాతపూర్వకంగా అడగండి, బాత్రూము కొత్త కట్టడం కాబట్టి దానికి తప్పక అడగాలి. ఇన్‌టాక్ (వారసత్వ కట్టడాల పరిరక్షణ సంస్థ) విశాఖ శాఖ వాళ్లు, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో కట్టడాల పరిరక్షణ చెప్పేవాళ్లు అనుభవం ఉన్న ఇంజనీరును సూచించగలరు. జనవరి నుంచి మే లోపు కాలువలు, దూలం, మిద్దె, పెంకులు అయిపోవాలి, జూన్ వానలకు కప్పు సిద్ధంగా ఉండాలి. అదే జనవరిలో సిమెంటు పూత తీసి గోడలు తెరిచి పెట్టండి. పూత, వెల్ల రెండో శీతాకాలంలో. మొత్తం అంచనాలో అయిదో వంతు విడిగా ఉంచుకోండి. దూలాల చివర్లు తెరిచాకే అసలు ఖర్చు బయటపడుతుంది.

ఒప్పందం చదరపు అడుగు లెక్కన వద్దు, పని పని లెక్కన రాయించండి. ముందు ఒక మూల మూడడుగుల చదరం నమూనాగా పూసి చూపించాలని, అది మీకు నచ్చాకే మిగతా గోడ మొదలవ్వాలని రాయండి. సున్నంలో సిమెంటు కలపకూడదన్న షరతు విడిగా ఉండాలి. త్వరగా బిగుస్తుందని మేస్త్రీలు బస్తాకు రెండు గుప్పెళ్లు వేస్తారు. అంత తక్కువ సిమెంటు పూతకు బలం ఇవ్వదు, సున్నాన్ని గట్టిపడనివ్వదు. కనిపెట్టడం తేలిక. పూసిన మర్నాడు ఉదయం గోటితో నొక్కండి. సున్నపు పూత ఇంకా గోటి అచ్చు తీసుకుంటుంది. రాయిలా బిగిసి, బూడిదరంగు తిరిగి ఉంటే ఆ రోజు డబ్బు ఆపి, పూత పచ్చిగా ఉండగానే తీయించేయండి.